పాత లారీ రేడియేటర్ నీళ్ళు తోసేస్తుంటే: హెడ్ దింపే ముందు చేయాల్సిన పరీక్షలు

"రేడియేటర్ నీళ్ళు తోసేస్తోందన్నా" అని డ్రైవర్ ఫోన్ చేశాడంటే ఓనర్ గుండెల్లో రాయి పడుతుంది. దాని వెనకాలే వచ్చే మాట అందరికీ తెలిసిందే: "హెడ్ గ్యాస్కెట్ పోయుంటుంది, దింపాలి." హెడ్ అంటే సిలిండర్లను పైనుంచి మూసే మూత, దానికీ కింది ఇంజన్ బ్లాకుకూ మధ్య బిగించే పలుచటి అడ్డు గ్యాస్కెట్. హెడ్ దింపడమంటే గ్యాస్కెట్ సెట్టు, ఫేసింగు (హెడ్ అడుగును సమంగా చెక్కించడం), లేబరు ఖర్చు, ఆ పైన బండి రోజుల తరబడి షెడ్డులో ఉండటం. కిస్తీ మాత్రం ఏ నెలకా నెల కట్టాల్సిందే.

గ్యాస్కెట్ పోవడం నిజంగానే జరుగుతుంది, కాదనను. కానీ అచ్చం అలాగే నీళ్ళు పొంగించే కారణాలు ఇంకో పది ఉన్నాయి. వాటిలో చాలావరకు ఒక పానా, ఒక నీళ్ళ సీసా, ఒక థర్మామీటర్ ఉంటే మీరే తేల్చుకోవచ్చు. విశాఖ చుట్టుపక్కల తిరిగే టాటా 1613, 2515, లేలాండ్ కామెట్ లాంటి పాత బండ్లను, అంటే కంప్యూటర్ లేకుండా మెకానికల్ డీజిల్ పంపుతో నడిచే వాటిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇక్కడ చెప్పిన వరుస తప్పకండి. తేలికవి, ఖర్చు లేనివి ముందు పెట్టాను. హెడ్ చిట్టచివర వస్తుంది.

చెయ్యి పెట్టే ముందు

వేడి ఇంజన్ మీద క్యాప్ తీయకండి. లోపల నీళ్ళు నూరు డిగ్రీలు దాటి కూడా మరగకుండా ఉంటాయి. క్యాప్ వదులైన క్షణంలో ఒత్తిడి పడిపోయి మొత్తం ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతాయి. చేతులూ మెడా కాలిపోయిన క్లీనర్ కుర్రాళ్ళను చూసినవాణ్ణి కాబట్టి గట్టిగా చెబుతున్నాను. పై హోస్ పైపును గుడ్డతో పట్టుకుని నొక్కండి. గట్టిగా ఉంటే లోపల ఒత్తిడి ఉన్నట్టే, ఆగండి. మెత్తబడి, చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక మందపాటి తడిగుడ్డ వేసి మొదటి నొక్కు దాకా మాత్రమే తిప్పండి. బుస ఆగాక పూర్తిగా తీయండి.

చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. తువ్వాలు, లుంగీ అంచు, వదులు చొక్కా ఫ్యాన్ దగ్గరికి పోకూడదు. కింద కారిన కూలెంట్‌ను అలా వదిలేయొద్దు. అది విషం, పైగా తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి. పళ్ళెంలో పట్టండి.

మీ బండిలో ఉన్నది ఏ పద్ధతి?

ఇది తెలియకపోతే లేని జబ్బుకు మందు వేస్తాం. బాగా పాత బండ్లలో రేడియేటర్ మెడ దగ్గర్నుంచి ఒక సన్న పైపు నేరుగా కిందికి వేలాడుతుంది. పొంగింది రోడ్డు పాలు, తిరిగి రాదు. రెండో రకంలో ఆ పైపు ఒక ప్లాస్టిక్ బాటిల్‌లోకి పోతుంది. వేడెక్కినప్పుడు నీళ్ళు బాటిల్‌లోకి వెళ్ళి, చల్లారాక రేడియేటర్‌లోకి తిరిగి లాక్కోబడతాయి. మూడో రకంలో రేడియేటర్ కన్నా ఎత్తులో ఒక ట్యాంకు ఉంటుంది. ఒత్తిడి క్యాప్ దాని మీదే ఉంటుంది.

మొదటి రకం బండి ఉన్నవాళ్ళు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. నీళ్ళు 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 3 శాతం వ్యాకోచిస్తాయి. ఇరవై లీటర్లు పట్టే బండిలో అది 600 మిల్లీలీటర్లు. కూలెంట్ కలిపి ఉంటే ముప్పావు లీటరు దాటుతుంది. అంటే రోజూ పొద్దున్నే మెడ దాకా నింపే బండి రోజూ అర లీటరు పైనే కక్కుతుంది. అది జబ్బు కాదు. మెడకు రెండంగుళాలు కిందికి వదిలి, మళ్ళీ నింపకుండా నాలుగు రోజులు చూడండి. లెవల్ అక్కడే నిలబడితే మీ సమస్య అక్కడితో తీరిపోయింది. బాటిల్ ఉన్న బండ్లలో రేడియేటర్ నిండుగానే ఉండాలి. ఖాళీ ఉంచాల్సింది బాటిల్‌లో, చల్లగా ఉన్నప్పుడు కింది గీత దాటి కొంచెం ఉంటే చాలు.

ఎప్పుడు పొంగుతోంది?

పానా పట్టే ముందు డ్రైవర్‌ను కూర్చోబెట్టి మాట్లాడండి. "పొంగుతోంది" అన్న ఒక్క మాటతో ఏమీ తేలదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత లోడుతో, ఆ సమయంలో గేజ్ ముల్లు ఎక్కడ ఉంది అని అడిగి రాసుకోండి. నా దృష్టిలో మొత్తం పరీక్షల్లో విలువైనది ఇదే.

బండి నడిచినంతసేపూ బాగుండి, ఆపాక ఐదు నిమిషాలకు పొంగితే ముందు క్యాప్‌ను అనుమానించండి. ఇంజన్ ఆపగానే ఫ్యాన్, నీళ్ళ పంపు ఆగిపోతాయి. బ్లాకులో ఉన్న వేడంతా కదలని నీళ్ళలోకి దిగి కాసేపు వేడి ఇంకా పెరుగుతుంది. మంచి క్యాప్ దాన్ని ఆపుతుంది, బలహీనమైనది వదిలేస్తుంది.

పోర్టు గేటు బయట క్యూలో గంటల తరబడి ఐడిల్‌లో ఉన్నప్పుడు పొంగి, హైవే ఎక్కగానే సర్దుకుంటే గాలి చాలడం లేదు. ఫ్యాన్, బెల్టు, ఫ్యాన్ కౌలు (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు), రేడియేటర్ బయటి మురికి చూడాలి. అదే హైవే మీద లోడుతో వేగంగా పోతున్నప్పుడు, లేదా శృంగవరపుకోట దాటి అరకు దారిలో అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడు మాత్రమే పొంగితే నీళ్ళు సరిగ్గా తిరగడం లేదు. లోపల పూడిన రేడియేటర్, సగమే తెరుచుకునే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్ దారి తెరిచే వాల్వు), అరిగిన నీళ్ళ పంపు మీద దృష్టి పెట్టండి. గ్యాస్కెట్‌కు కూడా ఇదే లక్షణం ఉండొచ్చు.

ఇంజన్ ఇంకా వేడెక్కకుండానే, స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాల్లోనే తోసేస్తుంటే అది వేడి వల్ల కాదు. ఎక్కడి నుంచో గాలి లేదా గ్యాస్ లోపలికి వస్తోంది.

గేజ్‌ను గుడ్డిగా నమ్మకండి. పాత బండ్లలో సెన్సర్, వైరింగ్ రెండూ మోసం చేస్తాయి. నీళ్ళు బాగా తగ్గి సెన్సర్ గాలిలో ఉండిపోతే ఇంజన్ కాలిపోతున్నా ముల్లు కిందే ఉంటుంది. థర్మోస్టాట్ హౌసింగ్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి, ఆ అంకెను గేజ్‌తో ఒకసారి పోల్చి చూసుకోండి.

మొదటి పరీక్ష: క్యాప్, మెడ, సన్న పైపు

రేడియేటర్ క్యాప్ చేసే పని ప్రెజర్ కుక్కర్ వెయిట్ చేసే పనే. ఒత్తిడి నిలబెడితే మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. 0.5 బార్ క్యాప్ ఉంటే మామూలు నీళ్ళు సుమారు 111 డిగ్రీల దాకా మరగవు. 1 బార్ అయితే 120 దాకా. క్యాప్ పాడైతే విశాఖలో నూరుకే మరుగుతాయి. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, అక్కడికి చేరేసరికి 97 డిగ్రీలే చాలు. పాడైన క్యాప్‌తో ఊళ్ళో ఎలాగో నెట్టుకొచ్చిన బండి ఘాట్‌లో చేతులెత్తేయడానికి ఇదొక కారణం.

క్యాప్ మీద అంకె చదవండి. 7 అనో 13 అనో 15 అనో ఉంటే అది పి.ఎస్.ఐ. 0.5, 0.9 లాంటివి బార్. దాన్ని బండి పుస్తకంలో చెప్పినదాంతో పోల్చండి. షాపులో దొరికిందని తగిలించిన క్యాప్ మీ బండిది కాకపోవచ్చు. తక్కువదైతే ముందే పొంగుతుంది. ఎక్కువదైతే పాత రేడియేటర్ అతుకులు, హోసులు పగులుతాయి. తర్వాత రబ్బరు చూడండి: గట్టిపడిందా, చుట్టూ గాడి పడిందా? స్ప్రింగ్ తుప్పు పట్టిందా? క్యాప్ కూర్చునే మెడ లోపలి అంచును వేలితో తడమండి. అక్కడ సొట్టో, సున్నపు పెచ్చో ఉంటే కొత్త క్యాప్ వేసినా ఒత్తిడి నిలవదు.

క్యాప్ అడుగున మధ్యలో చిన్న వాక్యూమ్ వాల్వు ఉంటుంది. దీన్ని చాలామంది చూడనే చూడరు. ఇంజన్ చల్లారినప్పుడు బాటిల్‌లోని నీళ్ళు వెనక్కి రావాలంటే ఇది తెరుచుకోవాలి. గోటితో మెల్లగా లాగితే తెరుచుకుని, వదిలితే టక్కున మూసుకోవాలి. అది బిగుసుకుపోయినా, సన్న పైపు ఎక్కడైనా పగిలినా, బాటిల్‌లో పైపు కొస నీళ్ళలో మునగకుండా పైనే ఉన్నా నీళ్ళు వెళ్తాయి కానీ తిరిగి రావు. మీరు రేడియేటర్ నింపుతూ ఉంటారు, బాటిల్ నిండి పొర్లుతూ ఉంటుంది. పొద్దున్నే బాటిల్ నిండుగా, రేడియేటర్ వెలితిగా కనిపిస్తే జబ్బు ఇదే. సన్న పైపును ఊదండి, అందులో మట్టిపురుగు గూడు కట్టి ఉండటమూ మామూలే.

సరైన కొత్త క్యాప్ ధర కొన్ని వందలు దాటదు. సందేహంగా ఉంటే పరీక్షలతో కాలం గడపకుండా మార్చేయడమే మేలు.

రెండో పరీక్ష: రేడియేటర్

విశాఖ బండ్లకు ఇది ప్రత్యేకమైన సమస్య. పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం లోడింగు దగ్గర తిరిగే బండి రేడియేటర్ నిండా ఆ దుమ్మే. దానికి సముద్రపు గాలిలోని ఉప్పు తేమ తోడైతే దుమ్ము గట్టిగా అట్టకట్టి పోతుంది, ఫిన్నులను, అంటే గొట్టాల మధ్య ఉండే పలుచటి రేకులను, తినేస్తుంది. ఫిన్ను గొట్టం నుంచి విడిపోతే, రేడియేటర్ చూడ్డానికి శుభ్రంగా ఉన్నా వేడి గాలికి అందదు. వేలితో మెల్లగా తాకండి. పొడిలా రాలిపోతుంటే ఎంత కడిగినా ప్రయోజనం లేదు, కోర్ (గొట్టాలూ ఫిన్నులూ ఉన్న మధ్య భాగం) మార్చాల్సిందే.

ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) ఉన్న టర్బో బండ్లలో ఇంకో మెలిక ఉంది. ముందు నుంచి చూస్తే కనబడేది ఇంటర్‌కూలర్, రేడియేటర్ దాని వెనక ఉంటుంది. రెండింటి మధ్య సందులో దుమ్ము, గడ్డి, పాలిథిన్ ముక్కలు పేరుకుని ఉంటాయి. ముందు వైపు ఎన్నిసార్లు కడిగినా అవి పోవు. బోల్టులు వదులు చేసి రెండింటినీ ఎడం చేసి చూడాలి. కడిగేటప్పుడు ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్ళు కొట్టండి. సర్వీసింగ్ గన్ను దగ్గరగా పెడితే ఫిన్నులు పడుకుండిపోతాయి. ఆయిల్ లీకుతో జిడ్డుగా ఉంటే సబ్బునీళ్ళు కొట్టి పావుగంట నాననివ్వండి.

లోపలి పూడిక కంటికి కనపడదు. బండిని బాగా వేడెక్కనిచ్చి, ఇంజన్ ఆపి, థర్మామీటర్‌తో కోర్ మీద పై నుంచి కిందికి వరుసగా కొలవండి. వేడి క్రమంగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఒకచోట చల్లటి పట్టీలా దొరికితే ఆ గొట్టాల్లో నీళ్ళు తిరగడం లేదు. బోరు నీళ్ళు పోసి పోసి కట్టిన సున్నం అది. పాత రాగి, ఇత్తడి రేడియేటర్‌కు రాడింగ్ (గొట్టాల్లోకి సన్న రాడ్ దూర్చి పూడిక తీయడం) చేయించవచ్చు. అల్యూమినియం కోర్‌కు ఆ పని పెట్టుకోవద్దు.

మూడో పరీక్ష: బెల్టు, ఫ్యాన్, పంపు, హోసులు

త్వరగా తేలిపోయే పని. బెల్టు మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 నుంచి 15 మిల్లీమీటర్లు దిగాలి. పక్కలు అద్దంలా మెరుస్తుంటే జారుతోందని అర్థం. ఫ్యాన్ కౌలు పగిలిపోయి తీసి పారేసిన బండ్లు చాలా ఉన్నాయి. అది లేకపోతే ఫ్యాన్ చుట్టూ ఉన్న వేడి గాలినే తిప్పుతుంది, రేడియేటర్ గుండా లాగదు. క్యూలో పొంగే బండికి ముందు కౌలు వేయించండి.

నీళ్ళ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ కారుతున్న జాడ ఉంటే లోపలి సీలు పోయింది. హోసులు చూసేటప్పుడు కింది హోస్‌ను మరవద్దు. పంపు లాగే వైపు అదే కాబట్టి, మెత్తబడి లోపలి స్ప్రింగు పోయి ఉంటే రేస్ ఇచ్చినప్పుడు అణిగిపోయి దారి మూస్తుంది. ఐడిల్‌లో బాగానే కనబడుతుంది. ఒకరు రేస్ ఇస్తుంటే ఇంకొకరు పక్కన నిలబడి చూడాలి.

నాలుగో పరీక్ష: థర్మోస్టాట్

"మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు, తీసేయ్" అనే మాట ఇక్కడ ఎంత పాతుకుపోయిందో! అది తప్పు. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది. వేడెక్కాక రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే సమయంలో బైపాస్ దారి మూస్తుంది. తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్ళలో కొంత భాగం రేడియేటర్‌లోకి పోకుండా మళ్ళీ ఇంజన్‌లోకే తిరుగుతుంది. మైదానంలో ఇంజన్ చల్లగా నడిచి డీజిల్ తాగుతుంది, ఘాట్‌లో ముందు కన్నా ఎక్కువ వేడెక్కుతుంది. హీటెక్కుతోందని తీసేసిన వస్తువే ఆ హీటుకు కారణమవుతుంది.

పరీక్ష తేలిక. దాని మీద 82, 83 లాంటి అంకె ముద్రించి ఉంటుంది. దారం కట్టి నీళ్ళ గిన్నెలో అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి కాచండి. ఆ అంకె దగ్గర తెరుచుకోవడం మొదలై, ఇంకో పది పన్నెండు డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి. ఆలస్యంగా, సగమే, లేదా ఒక పక్కకు వాలి తెరుచుకుంటే మార్చండి. కొన్ని ఇంజన్లలో రెండు థర్మోస్టాట్లు ఉంటాయి, రెండింటినీ కలిపే మార్చాలి.

ఐదో పరీక్ష: పొద్దుటి పరీక్ష

ఇప్పటిదాకా అన్నీ బాగున్నాయంటే, నీళ్ళలోకి గాలి వస్తోందా అన్నది తేల్చాలి. దీనికి బండి రాత్రంతా ఆగి ఉండాలి.

తెల్లారి స్టార్ట్ చేయకముందు క్యాప్ తీయండి. తీసేటప్పుడు వచ్చే శబ్దం వినండి. చల్లారిన బండిలో ఒత్తిడి ఉండకూడదు, ఉంటే కొద్దిగా లోపలికి లాక్కున్న శబ్దం రావాలి. అలా కాక బుస్సుమని బయటికి వచ్చిందంటే నిన్న లోపలికి చేరిన గ్యాస్ రాత్రంతా అక్కడే ఉందన్నమాట. ఈ ఒక్క గుర్తుతోనే దర్యాప్తు సగం అయిపోతుంది.

ఇప్పుడు మెడ దాకా నింపి, క్యాప్ లేకుండా స్టార్ట్ చేయండి. మొదట నాలుగు బుడగలు రావడం సహజం, చిక్కుకున్న గాలి అది. ఆగిపోతుంది. ఆగకుండా వరసగా వస్తూ, రేస్ ఇచ్చినకొద్దీ పెరిగితే అది గ్యాస్. ఇంకా ఖాయం చేసుకోవాలంటే క్యాప్ బిగించి, సన్న పైపు కొసను నీళ్ళున్న పారదర్శక సీసాలో ముంచండి. పై హోస్ మీద చెయ్యి ఉంచండి. ఇంకా చల్లగానే ఉండగా ఒకటి రెండు నిమిషాల్లో రాయిలా గట్టిపడి, సీసాలో బుడగలు వస్తుంటే సందేహం అక్కర్లేదు. వేడి లేకుండా అంత త్వరగా ఒత్తిడి పెరగడానికి వేరే దారి లేదు.

సాధారణంగా ఇక్కడే హెడ్ దింపేస్తారు. ఆగండి. గ్యాస్ వస్తోందని తేలింది కానీ ఎక్కడి నుంచో ఇంకా తేలలేదు.

ఆరో పరీక్ష: ఎయిర్ కంప్రెసర్

ఎయిర్ బ్రేకులున్న చాలా లారీల్లో కంప్రెసర్ హెడ్‌ను ఇంజన్ కూలెంటే చల్లబరుస్తుంది. దానికి రెండు సన్నటి నీళ్ళ పైపులు వెళ్తాయి. కంప్రెసర్ గాలిని 7, 8 బార్ల దాకా నొక్కుతుంది. మీ క్యాప్ పట్టుకోగలిగేది మహా అయితే 1 బార్. కంప్రెసర్ హెడ్ గ్యాస్కెట్‌లో వెంట్రుకంత దారి దొరికితే చాలు, ఆ గాలి నీళ్ళలోకి చొరబడి రేడియేటర్‌ను ఖాళీ చేసేస్తుంది. బుడగలు అవే, హోస్ గట్టిపడటం అదే, పొద్దున బుసా అదే. కంప్రెసర్‌లో ఇంజన్ ఆయిలే తిరుగుతుంది కాబట్టి రేడియేటర్‌లో కొద్దిగా నూనె తెట్టు కూడా కట్టొచ్చు. అది చూసి "గ్యాస్కెట్టే" అని ఇంకా గట్టిగా నమ్మేస్తారు.

అరకుకు సిమెంటు దింపి ఖాళీగా తిరిగొచ్చే బండి ఒకటి ఇలాగే మా దగ్గరికి వచ్చింది. వేరే చోట అప్పటికే హెడ్ దింపి, కొత్త గ్యాస్కెట్ వేశారు. అయినా పొంగుతూనే ఉంది. ఓనర్ రెండోసారి దింపించడానికి సిద్ధపడి వచ్చాడు. డ్రైవర్‌ను అడిగితే, "ఎక్కేటప్పుడు లోడుతో ఉన్నా ముల్లు కదల్లేదు బాబాయ్. అనంతగిరి దాటి టైడా వైపు దిగుతుంటేనే, బ్రేకు మీద బ్రేకు వేస్తుంటే పొంగింది" అన్నాడు. ఎక్కేటప్పుడు సిలిండర్లలో మంట తీవ్రంగా ఉంటుంది. గ్యాస్కెట్ పోయి ఉంటే అప్పుడు తోయాలి. దిగేటప్పుడు ఇంజన్ మీద భారం లేదు, కానీ బ్రేకులు గాలి తాగేస్తుంటే కంప్రెసర్ ఆగకుండా పనిచేస్తూ ఉంటుంది. ఆ కుర్రాడు తెలియకుండానే జబ్బు చెప్పేశాడు. కంప్రెసర్ హెడ్ విప్పితే గ్యాస్కెట్ మీద గాలి దారి నుంచి నీళ్ళ దారికి సన్నటి నల్లటి చార. ఆ చిన్న గ్యాస్కెట్ మార్చాక పొంగడం ఆగిపోయింది.

పరీక్ష ఇలా చేయండి. చక్రాలకు రాళ్ళు ఉన్నాయో లేదో మళ్ళీ చూసుకుని, ఎయిర్ ట్యాంకుల్లో గాలి మొత్తం వదిలేయండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఒకరు రేడియేటర్ మెడ దగ్గర, ఒకరు క్యాబిన్‌లో ఎయిర్ గేజ్ దగ్గర ఉండండి. గేజ్ పైకి ఎక్కుతున్నంతసేపూ బుడగలు చూడండి. ట్యాంకు నిండి అన్‌లోడర్ (గాలి చాలాక కంప్రెసర్ భారం తీసేసే వాల్వు) "ఫుస్" అనగానే కంప్రెసర్ మీద భారం పోతుంది. సరిగ్గా ఆ క్షణంలో బుడగలు ఆగినా, బాగా తగ్గినా దొంగ దొరికినట్టే. బ్రేకు పెడల్ పదే పదే తొక్కి గాలి తగ్గించండి. కంప్రెసర్ మళ్ళీ అందుకోగానే బుడగలూ మళ్ళీ రావాలి. రెండు మూడు సార్లు ఇలా చేస్తే అనుమానం మిగలదు.

ఇంకా రూఢి కావాలంటే కంప్రెసర్‌కు వెళ్ళే రెండు నీళ్ళ పైపుల్ని విప్పి ఒకదానికొకటి కలిపేయండి. ఇంజన్ ఆపి, చల్లగా ఉన్నప్పుడు చేయాలి. అలా కొన్ని నిమిషాలే నడపాలి, కంప్రెసర్‌కు నీళ్ళు లేవు కదా. బుడగలు మాయమైతే ఇంజన్ హెడ్ జోలికి పోనక్కర్లేదు. గ్యాస్కెట్ మార్చేటప్పుడు కంప్రెసర్ హెడ్‌కు చిట్లు ఉందేమో కూడా చూడండి. టాటా 407 లాంటి వాటికి వాక్యూమ్ సాయంతో నడిచే హైడ్రాలిక్ బ్రేకులు, ఎయిర్ కంప్రెసర్ ఉండదు. వాళ్ళు ఈ మెట్టు దాటేయవచ్చు.

ఏడో పరీక్ష: ఇక హెడ్డే అయితే

బుడగలకూ ఎయిర్‌కూ సంబంధం లేదని తేలింది, రేస్‌తో పాటు పెరుగుతున్నాయి. అప్పుడు ఏ సిలిండరో చూడండి. పాత మెకానికల్ పంపు ఇంజన్లలో, ఐడిల్ మీద ఒక్కొక్క ఇంజెక్టర్ పైపు నట్టును వదులు చేస్తూ ఆ సిలిండర్‌కు డీజిల్ ఆపండి. నట్టు మీద గుడ్డ కప్పండి, కళ్ళద్దాలు పెట్టుకోండి, దగ్గర్లో బీడీ కూడా ఉండకూడదు. ఏ సిలిండర్ ఆపినప్పుడు బుడగలు తగ్గుతాయో అక్కడే దారి పడింది. పూర్తిగా ఆగకపోవచ్చు, మంట లేకున్నా కంప్రెషన్ ఉంటుంది. కామన్ రైల్ ఇంజన్లలో, అంటే కంప్యూటర్‌తో నడిచే కొత్త రకం డీజిల్ ఇంజన్లలో, ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఆ డీజిల్ వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

నీలం ద్రావణంతో చేసే గ్యాస్ పరీక్ష కూడా ఉంది. పొగలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే రంగు ఆకుపచ్చకో పసుపుకో మారుతుంది. డీజిల్ ఇంజన్ ఐడిల్‌లో ఆ వాయువును చాలా తక్కువగా ఇస్తుంది కాబట్టి, బండిని లోడు మీద నడిపి వచ్చి చేయాలి. కంప్రెసర్ గాలికి ఈ రంగు మారదు, ఆ తేడా పనికొస్తుంది.

హెడ్ దింపాక గ్యాస్కెట్ మాత్రం మార్చి పంపేయొద్దు. హెడ్ వంకర పోయిందేమో తిన్నటి స్కేలు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) పెట్టి చూడాలి. ప్రెజర్ టెస్ట్ చేయించాలి, వాల్వుల మధ్య చిట్లు కంటికి కనబడదు. లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు) ఉన్న ఇంజన్ అయితే బ్లాకు పైకి అవి ఎంత లేచి ఉన్నాయో పుస్తకం లెక్కతో చూడాలి. వెట్ లైనర్లకు, అంటే బయటి వైపు నేరుగా నీళ్ళు తగిలే వాటికి, నీళ్ళ వైపు సూదిమొన గుంటలు పడతాయి. అవి రంధ్రాలైతే గ్యాస్కెట్ ఎన్ని మార్చినా ఉపయోగం లేదు. ఆయిల్ సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పి, నీళ్ళ వైపు క్యాప్ రేటింగ్ మేరకు ఒత్తిడి పెట్టి, కింద నుంచి టార్చి వేసి చూస్తే ఏ లైనర్ కారుతోందో తెలుస్తుంది. ఈ పరీక్ష హెడ్ ఇంకా బండి మీద ఉండగానే చేసుకోవాలి.

రేడియేటర్ నిండా నూనె ఉండి, సంపులో ఆయిల్ మాత్రం శుభ్రంగా ఉంటే ఆయిల్ కూలర్ చూడండి. ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి నీళ్ళ ఒత్తిడి కన్నా ఎక్కువ, అందుకే నూనె నీళ్ళలోకి వస్తుంది. దీన్ని బాగుచేశాక మొత్తం సిస్టమ్ కడిగి, నూనెకు ఉబ్బిన హోసులు మార్చేయాలి.

ఘాట్ మధ్యలో పొంగితే

ముల్లు పైకి వెళ్తుంటే గేరు తగ్గించండి. అదే వేగానికి ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది, ఫ్యాన్, పంపు కూడా. వెడల్పైన చోట ఆపండి. నీళ్ళు ఇంకా ఉన్నాయనుకుంటే వెంటనే ఇంజన్ ఆపకుండా, కొంచెం రేస్‌లో కాసేపు తిరగనివ్వండి. నీళ్ళు పూర్తిగా పోయి ఉంటే వెంటనే ఆపాలి. కాలిపోతున్న ఇంజన్‌లో గెడ్డ నీళ్ళు కుమ్మరిస్తే హెడ్ చిట్లుతుంది. చల్లారే దాకా ఆగి, తర్వాత ఇంజన్ ఐడిల్‌లో పెట్టి కొంచెం కొంచెంగా పోయండి. ఆలస్యమైనందుకు ఓనర్లు డ్రైవర్ మీద కేకలేయకండి. ఆ అరగంట ఓపికే మీ ఇంజన్‌ను కాపాడేది.

బాగయ్యాక నింపడం

తీరం వెంబడి బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. అవి తుప్పు తెస్తాయి, సున్నం కడతాయి. డిస్టిల్డ్ నీళ్ళు, కూలెంట్ కలిపి వాడండి. ఎంత పాలు కలపాలో డబ్బా మీద ఉంటుంది, మామూలుగా మూడో వంతు నుంచి సగం దాకా. "మనకు మంచు పడదుగా" అని మానేయొద్దు. ఇక్కడ కూలెంట్ పని తుప్పును, లైనర్ గుంటల్ని ఆపడం, మరిగే డిగ్రీలు పెంచడం. రెండు రకాల కూలెంట్లు కలపకండి.

బండి ముక్కు కొంచెం ఎత్తుగా ఉండేలా నిలబెట్టండి. థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర గాలి వదిలే స్క్రూ ఉంటే తెరిచి, అక్కడ బుడగల్లేకుండా నీళ్ళు వచ్చేదాకా మెల్లగా నింపండి. తర్వాత క్యాప్ లేకుండా ఐడిల్‌లో ఉంచండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే లెవల్ పడిపోతుంది, అప్పుడు మళ్ళీ కలిపి క్యాప్ బిగించండి. లోపల గాలి మిగిలితే బాగుచేసిన బండే మళ్ళీ పొంగి భయపెడుతుంది.

ముందు మామూలు లోడుతో హైవే మీద అనకాపల్లి దాకా వెళ్ళి రండి. మర్నాడు పొద్దున స్టార్ట్ చేయకముందు మూడు చూడండి: క్యాప్ తీస్తే బుస వస్తోందా, రేడియేటర్ లెవల్ ఎక్కడుంది, బాటిల్ లెవల్ ఎక్కడుంది. బాటిల్ మీద మార్కర్‌తో గీత పెట్టి తేదీ రాయండి. వరసగా కొన్ని పొద్దుటిపూటలు గీత అక్కడే ఉంటే బండిని ఘాట్ లోడుకు పంపవచ్చు. గీత కిందికి జారుతున్నా, పొంగడం మాత్రం లేదంటే ఎక్కడో బయటికి కారుతోంది. చల్లటి ఇంజన్‌కు చేతిపంపు టెస్టర్ తగిలించి, క్యాప్ మీదున్న అంకె దాకా ఒత్తిడి పెట్టి, పావుగంట ముల్లు చూస్తూ టార్చితో ప్రతి క్లిప్పూ వెతకండి.